ఆపినా ఆగని ఇంజన్

స్విచ్ ఆఫ్ చేశాడు. ఆగలేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించాడు. అయినా ఆగలేదు. వీపు మీద ఇంజన్ గొంతు చించుకుని అరుస్తూనే ఉంది... ఓ మందు పంపు, మూడు ఊళ్లు, ఒక బీపీ మిషన్... వాటి చుట్టూ తిరిగిన కథ ఇది.

సెప్టెంబరు నెలాఖరు. మిర్యాలగూడ పక్కన, సాగర్ ఎడమ కాల్వ కింద పొలాలు. వరి పొట్ట మీదుంది. సరిగ్గా అప్పుడే దోమపోటు మొదలైంది. దోమంటే ఆకు మీద వాలే దోమ కాదు. దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన చేరి రసం పీల్చేస్తుంది. ఈ రోజు చేలో చాప వేసినంత మేర ఎండిపోయినట్టు కనిపిస్తుంది. నాలుగు రోజులు ఊరుకుంటే ఆ చాప కాస్తా కల్లమంత అవుతుంది. అందుకే ఆ వారం రోజులూ ఊళ్లో మందు కొట్టేవాళ్లకు తిండీ నిద్రా ఉండవు.

అతనికి ముప్పై నాలుగేళ్లు. ఉన్నది రెండెకరాలు. దాంతో ఇల్లు గడవదని ఎనిమిదేళ్ల కిందట ఓ పవర్ స్ప్రేయర్ కొన్నాడు. వీపున తగిలించుకుని, తాడు లాగి స్టార్ట్ చేసే పెట్రోలు పంపు. ట్యాంకుకు ఇంతని లెక్క. అదను మీద ఉన్నప్పుడు రోజుకు ఇరవై ట్యాంకులు కొడతాడు. ఏడాదిలో ఇంటికి వచ్చే డబ్బులో సగం ఆ పంపు తెచ్చేదే. కూతురి బడి ఫీజు దాని మీదే, అమ్మ మందుబిళ్లలూ దాని మీదే.

ఆ రోజు పన్నెండో ట్యాంకు సగంలో ఉంది. ఉన్నట్టుండి శబ్దం మారింది. 'బర్ర్...' అని సాగే చప్పుడు కాస్తా 'కీ...' అని సన్నబడి పైకి లేచింది. చేతిలోని లివర్ తగ్గించాడు. వేగం తగ్గలేదు. స్విచ్ ఆఫ్ చేశాడు. ఇంజన్ పట్టించుకోలేదు!

"బంద్ చెయ్యరా!" గట్టు మీద నుంచి తండ్రి కేకేశాడు.

"చేసిన నాయినా... ఆగుతలేదు!"

బురదలో పడుతూ లేస్తూ గట్టెక్కాడు. బెల్టులు తప్పించి పంపును కింద పెట్టాడు. అది గట్టు మీద కూడా ఎగిరెగిరి పడుతోంది. ప్లగ్ క్యాప్ లాగబోతే వేడికి చెయ్యి చుర్రుమంది. ఆఖరికి పెట్రోలు ట్యాప్ కట్టేశాడు. అక్కడే అసలు వింత జరిగింది. పెట్రోలు ఆపితే ఇంజన్ నెమ్మదించాలి కదా! అది ఇంకా పైకి లేచింది. పగిలిపోతుందేమో అన్నంతగా అరిచి అరిచి, కాసేపటికి ఒక్కసారిగా చచ్చిపోయింది.

చేనంతా నిశ్శబ్దం. ఎడమ చెయ్యి మీద సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ. ఆ రాత్రి మచ్చకు మందు రాస్తూ భార్య ఒక్కటే మాటంది. "ఇగ దాన్ని వీపున పెట్టుకోవద్దు."

పెట్టుకోకపోతే ఎలా? నలభై ఎకరాలకు మందు కొడతానని మాటిచ్చాడు. దోమ ఆగదు.

మొదటి మజిలీ... మిర్యాలగూడ

మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ వెళ్లాడు. మర పట్టిన బియ్యం లారీలు వరసగా నిలబడే ఊరది. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక ఈ ప్రాంతం వరి మయమైంది. ఆ వరి వెంబడే రైసు మిల్లులు వచ్చాయి. వరి ఉన్నచోట మందు పంపులుంటాయి. పంపులున్నచోట వాటిని బాగుచేసే షాపులుంటాయి.

అక్కడి మెకానిక్ కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాడు. ప్లగ్ మార్చాడు. స్విచ్ వైరు తెగి ఉంటుందేమోనని అదీ కొత్తది వేశాడు. అనుమానం తప్పేం కాదు. స్విచ్ ఆఫ్ చేసినా ఇంజన్ ఆగలేదంటే ఎవరైనా ముందు స్విచ్‌నే చూస్తారు. షాపులో స్టార్ట్ చేస్తే బుద్ధిగా తిరిగింది. ఆపితే ఆగింది. ఐదు నిమిషాలు పరీక్షించి ఇచ్చేశాడు.

పొలంలో ముప్పావు గంట నడిచిందో లేదో... మళ్లీ అదే కేక.

ఈసారి అతనే ఓ వైద్యం చేశాడు. ఇంజన్ బాగా వేడెక్కుతోంది కాబట్టి ఆయిల్ చాలడం లేదనుకున్నాడు. టూ స్ట్రోక్ ఇంజన్‌కు విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోలులోనే కలిపి పోయాలి. ఇలాంటి పంపులకు కంపెనీని బట్టి లీటరుకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా చెబుతారు. అతను దాన్ని రెట్టింపు చేశాడు. పొగ ఎక్కువైంది. రోగం మాత్రం తగ్గలేదు.

రెండో మజిలీ... కోదాడ

బావమరిది ఉండేది కోదాడలో. అక్కడ మంచి మెకానిక్ ఉన్నాడంటే హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పంపును తీసుకెళ్లాడు. ఆయన సిలిండర్ విప్పాడు. పిస్టన్ మీద గీతలు పడ్డాయి. ఆయిల్ అందక కాదు, అతివేగం వల్ల, వేడి వల్ల. బోరు, పిస్టన్, రింగులు అన్నీ కొత్తవి వేశాడు. రూ.1,400 అయింది.

కొత్త పిస్టన్‌తో ఇంజన్ గట్టిగా పనిచేసింది. ఒక రోజంతా ఏ గొడవా లేదు. ఇంటికొచ్చి భార్యతో "అయిపోయింది, బాగైంది" అని కూడా చెప్పాడు. రెండో రోజు మధ్యాహ్నం ఎండ ముదిరాక, తొమ్మిదో ట్యాంకు దగ్గర మళ్లీ మొదలైంది.

ఆ రోజు అతను పంపును గట్టున పెట్టి దూరంగా వెళ్లి కూర్చున్నాడు. అది అరిచినంత సేపూ అలా చూస్తూ ఉండిపోయాడు. భయం కంటే అవమానం ఎక్కువైంది. నలభై ఎకరాల్లో పంతొమ్మిదే అయ్యాయి. మిగిలిన రైతులు వేరేవాళ్లను పిలుచుకుంటున్నారు. పక్క ఊళ్లో డ్రోన్‌తో కొట్టిస్తున్నారట. ఇంకో రెండ్రోజులు పోతే అతని కోసం ఎవరూ ఎదురుచూడరు.

మూడో మజిలీ... సూర్యాపేట

ఎరువుల దుకాణంలో ఎవరో చెప్పారు. సూర్యాపేటలో ఓ ముసలి ఉస్తాద్ ఉన్నాడు, ఒకసారి చూపించమని.

హైదరాబాద్-విజయవాడ రహదారి మీద పుట్టి పెరిగిన మెకానిక్ ఆయన. ఆ రోడ్డుకు తొమ్మిదో నంబరున్న రోజుల్లోనే పానా పట్టాడు. చేతక్‌లు, లూనాలు, టీవీఎస్ ఫిఫ్టీలు, ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌లు... ఆయన చేతుల మీదుగా వెళ్లని టూ స్ట్రోక్ బండి లేదు. పొగ నిబంధనలు కఠినమయ్యేకొద్దీ ఆ బండ్లన్నీ రోడ్ల మీద నుంచి తప్పుకొన్నాయి. ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చే టూ స్ట్రోకులు మందు పంపులు, గడ్డికోత మిషన్లు మాత్రమే.

ఆ పెద్దాయన పానా ముట్టుకోలేదు. ముందు స్టూలు చూపించి కూర్చోమన్నాడు. ఛాయ్ తెప్పించాడు. "ఏం బిడ్డా... ఏమైందో మొదటికెల్లి చెప్పు" అన్నాడు.

అంతకుముందు ఎవరూ అతణ్ని అంత అడగలేదు. అన్నీ చెప్పాడు. వేడెక్కాకే మొదలవుతుందనీ, స్విచ్‌కు ఆగదనీ, ఆయిల్ పెంచినా తగ్గలేదనీ... చివర్లో సందేహంగా అడిగాడు.

"ఉస్తాద్, పెట్రోలు బంద్ జేస్తే ఇంకింత మీదికి లేసింది. గట్లెందుకైతది?"

పెద్దాయన ముఖంలో వెలుగొచ్చింది. "గదే బిడ్డా అసలు మాట. నీ ఇంజన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తుంది."

గాలి ఎక్కువైతే...

ఇంజన్‌కు పెట్రోలు ఒక్కటే ఆహారం కాదు. గాలి కూడా కావాలి. ఆ రెండూ ఏ పాళ్లలో కలవాలో కార్బురేటర్ చూసుకుంటుంది. టూ స్ట్రోక్‌లో ఇంకో విశేషం ఉంది. పిస్టన్ కింద, క్రాంకు తిరిగే గది కూడా ఓ పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్తే ఆ గదిలోకి పెట్రోలు కలిసిన గాలి వస్తుంది. కిందికి దిగితే ఆ మిశ్రమం నొక్కుకుపోయి పైన సిలిండర్‌లోకి చేరుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ డే 1890ల తొలినాళ్లలో రూపం ఇచ్చిన ఈ చిన్న ఉపాయమే టూ స్ట్రోక్‌ను అంత తేలికగా, చౌకగా మార్చింది. దాని బలహీనతా అక్కడే ఉంది. ఆ గదికి ఎక్కడ చిన్న సందు పడినా కార్బురేటర్‌కు తెలియకుండా గాలి లోపలికి దూరుతుంది.

గాలి పెరిగితే పెట్రోలు పాలు తగ్గినట్టే. అలా పలచబడిన మిశ్రమంతో ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది. లివర్ తగ్గించినా వేగం దిగదు, ఎందుకంటే లివర్ మూసేది కార్బురేటర్ దారినే. దొంగ దారి తెరిచే ఉంటుంది. వేడి ఇంకా ముదిరితే ప్లగ్ మొన, పిస్టన్ మీద పేరుకున్న మసి నిప్పుకణికల్లా ఎర్రబడతాయి. ఇక నిప్పురవ్వతో పనేముంది? మిశ్రమం ఆ కణికలకే అంటుకుంటుంది. స్విచ్ చేసేది ప్లగ్‌కు కరెంటు ఆపడమే కాబట్టి, స్విచ్ ఆఫ్ చేసినా ఇంజన్ ఆగదు.

మరి పెట్రోలు ట్యాప్ కడితే? కార్బురేటర్ గిన్నెలో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అది తరిగేకొద్దీ మిశ్రమం మరింత పలచబడుతుంది. అందుకే ఆగేముందు ఇంజన్ ఇంకా పైకి లేస్తుంది. అతను ఆయిల్ రెట్టింపు చేయడమూ ఇలాంటి పొరపాటే. ఆయిల్ ఎక్కువైతే అదే కొలతలో పెట్రోలు తగ్గుతుంది. జబ్బుకు మందు అనుకున్నది కాస్తా జబ్బునే పెంచింది.

ఇది మన పొలాల్లో పంపుల బాధే కాదు. నిలబడి నడిపే జెట్ స్కీలు అని నీటి మీద దూసుకెళ్లే బండ్లుంటాయి. 1970ల తొలినాళ్లలో కవాసాకీ కంపెనీ తెచ్చిన ఆ బండ్లకు చాలాకాలం టూ స్ట్రోక్ ఇంజన్లే ఉండేవి. యమహా సూపర్ జెట్ అయితే 1990 నుంచి 2020 దాకా టూ స్ట్రోకే. 2021లో ఫోర్ స్ట్రోక్‌కు మారింది. వాటిలోనూ సీలు అరిగితే ఇదే గొడవ. మనిషి నీళ్లలో పడిపోతే ఇంజన్ ఆగేందుకు చేతికి కట్టుకునే తాడు ఒకటుంటుంది. దొంగగాలి పీల్చే ఇంజన్ ఆ తాడును కూడా లెక్కచేయదు. బండిని ఒడ్డుకు తెచ్చి, నీళ్లు లేకుండా స్టార్ట్ చేస్తే మరీ ప్రమాదం. నెట్టడానికి నీళ్ల బరువుండదు, చల్లబరచడానికి నీళ్లుండవు.

గోనెసంచి పాఠం

"మరి ఎట్ల ఆపాలె?" అని అడిగాడతను.

పెద్దాయన తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. అప్పట్లో చాలా బావుల మీద డీజిల్ ఇంజన్లే ఉండేవి. ఓ రోజు ఒక ఇంజన్ తన ఆయిల్ తనే తాగేస్తూ రేజ్ అయిపోయింది. డీజిల్ ఆపినా ఆగలేదు. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్ ఉండదు, తియ్యడానికి క్యాపూ ఉండదు. అందరూ పరుగులు తీశారు. ఆయన గురువు మాత్రం తడి గోనెసంచి తెచ్చి గాలి పీల్చే మూతి మీద అదిమాడు. రెండు గుక్కలు మింగి ఇంజన్ ఆగిపోయింది.

"స్విచ్ మన మాట. పెట్రోలు దాని తిండి. గాలి దాని పానం బిడ్డా. ఆగనన్నప్పుడు పానం కాడనే పట్టాలె."

మందు పంపుకైతే గోనెసంచి అక్కర్లేదు. చోక్ ఉంటుంది. అది పూర్తిగా మూస్తే కార్బురేటర్ దారిలో గాలి ఆగి, పెట్రోలు ఒక్కసారిగా ఎక్కువై, ఆ చల్లదనానికి ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. చోక్ అందకపోతే ఎయిర్ ఫిల్టర్ మీద తడి తువ్వాలు మడతపెట్టి అదమాలి. ఒట్టి చెయ్యి పెట్టకూడదు. ప్లగ్ క్యాప్ జోలికి వెళ్లకూడదు. అన్నిటికంటే ముందు పంపు వీపు మీద నుంచి దిగాలి. ఆ ట్యాంకులో ఉన్నది పురుగు మందు, పక్కనే ఉన్నది మండే సైలెన్సర్!

ఇంజన్‌కి బీపీ

ఇక దొంగను పట్టుకోవాలి. పెద్దాయన ముందుగా పాత ప్లగ్ చూపించమన్నాడు. అతను జేబులోంచి తీసిచ్చాడు. మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "మంచి ఇంజన్ ప్లగ్ ఛాయ్ రంగుల ఉండాలె" అంటూ పక్కన పెట్టాడు.

తర్వాత పంపు స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు తిరగనిచ్చాడు. చెయ్యి చోక్ మీదే ఉంది. అంతసేపు ఎందుకంటే, ముసలి రబ్బరు చల్లగా ఉన్నప్పుడు సర్దుకుని కూర్చుంటుంది. వేడెక్కాకే బయటపడుతుంది. షాపులో ఐదు నిమిషాలు తిప్పితే దొరకనిది అందుకే.

ఇంజన్ వేడి మీద ఉండగానే కార్బురేటర్, సైలెన్సర్ విప్పాడు. ఆ రెండు దారులకూ సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి, రేకులు బిగించి మూశాడు. ఒక రేకుకు చిన్న గొట్టం అమర్చి ఉంది. అల్మారాలోంచి ఓ వస్తువు తీశాడు. చూస్తే... బీపీ మిషన్! చేతికి చుట్టే పట్టీ లేదు. బుడగ, గొట్టం, ముల్లు తిరిగే గడియారం మాత్రం ఉన్నాయి.

అది వింత కోసం కాదు. క్రాంకు గదిలోకి సైకిల్ పంపుతో గాలి కొడితే ఒత్తిడి ఎక్కువై మంచి సీళ్లు కూడా పాడవుతాయి. బీపీ మిషన్ ముల్లు 300 దగ్గర ఆగిపోతుంది. టైర్ల లెక్కలో చెబితే అది ఆరు పౌండ్లకు కాస్త తక్కువ. ఇంజన్‌కు సరిగ్గా అంత చాలు.

బుడగ నొక్కి ముల్లును 250 దాకా తెచ్చాడు. అది నిలవలేదు. కళ్ల ముందే జారడం మొదలుపెట్టింది. 200... 150... నిమిషం తిరక్కుండా వంద కిందికి వచ్చేసింది.

సబ్బునీళ్ల గిన్నె తీసుకున్నాడు. మళ్లీ గాలి నింపుతూ బ్రష్‌తో ఒక్కో చోటా రాస్తూ వెళ్లాడు. కార్బురేటర్ ప్యాకింగ్ దగ్గర బుడగ లేదు. సిలిండర్ కింది ప్యాకింగ్ దగ్గరా లేదు. మ్యాగ్నెట్ తీసి చూస్తే అక్కడి సీలూ బాగానే ఉంది. ఇక మిగిలింది రెండో పక్క. ఫ్యాను విప్పి రాయగానే... పాలు పొంగినట్టు నురగ!

అక్కడున్న ఆయిల్ సీలు తీసి అతని అరచేతిలో పెట్టాడు. రూపాయి బిళ్లంత నల్ల రబ్బరు చక్రం. మెత్తగా ఉండాల్సిన పెదవి ఎనిమిదేళ్ల వేడికి గట్టిపడి, ఒకచోట సన్నగా చీలింది. ఫ్యాను విప్పితే తప్ప కనిపించని చోటు. మిర్యాలగూడ మెకానిక్ చూసింది ముందు వైపు. కోదాడ మెకానిక్ విప్పింది పైభాగం. తప్పు వాళ్ల పనిలో లేదు. వాళ్లు చూడని మూలలో ఉంది.

ఒకటే పాడైనా రెండు సీళ్లూ మార్చాడు. రెండూ కలిపి రూ.180. మళ్లీ బీపీ చూశాడు. ముల్లు 250 దగ్గర నిలబడింది. పెద్దాయన మాట్లాడలేదు, అతనూ మాట్లాడలేదు. ఇద్దరూ ఐదు నిమిషాల పాటు ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నారు. అది కదల్లేదు.

వెళ్లేటప్పుడు పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. సీజన్ అయిపోగానే ట్యాంకులో పెట్రోలు ఒంపేయమన్నాడు. పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్న రోజులివి. 2025 నాటికి దేశం ఆ స్థాయికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ఇంజన్‌లో ఉంచితే మంచిది కాదు.

కూలీ ఎంతని అడిగితే, "సీళ్ల పైసలియ్యి. మిగిలింది పంట చేతికొచ్చినంక సూద్దాం" అన్నాడు.

గట్టు మీద తడి తువ్వాలు

మర్నాడు తెల్లవారుజామునే చేలోకి దిగాడు. భార్య కూడా వెంట వచ్చింది. వద్దన్న మనిషి కదా, ఏమవుతుందోనని గట్టు మీదే నిలబడింది. స్టార్ట్ చేసేముందు అతను ఆమెకు చోక్ ఎక్కడుందో చూపించాడు. ఓ తువ్వాలు కాల్వలో తడిపి గట్టు మీద మడతపెట్టాడు. ఎప్పుడైనా అరిస్తే ఏం చేయాలో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఐదో ట్యాంకు, తొమ్మిదో ట్యాంకు, పన్నెండో ట్యాంకు... ఎండ నడినెత్తికి వచ్చింది. లివర్ తగ్గిస్తే వేగం తగ్గింది. స్విచ్ ఆఫ్ చేస్తే ఆగింది. ఆగిందంటే ఆగింది! ఎనిమిదేళ్లుగా రోజూ జరిగే పనే. ఆ పూట మాత్రం అతనికి పండగలా అనిపించింది.

నలభై ఎకరాల్లో అతని చేతికి దక్కింది ముప్పై ఒకటి. తొమ్మిదెకరాలు వేరేవాళ్లకు పోయాయి. ఆ నష్టం నష్టమే. కానీ ఊళ్లో మందు పంపులున్న మిగతావాళ్లను కూర్చోబెట్టి చోక్ సంగతి, తడి తువ్వాలు సంగతి చెప్పాడు. స్విచ్‌ను నమ్ముకుని ఉన్నవాళ్లే అందరూ. ఒకతనికి ఇలాగే అరిచి ఆగిన పంపు ఇంట్లో మూల పడి ఉందట. మర్నాడే దాన్ని సూర్యాపేట బస్సెక్కించారు.

ఆ సాయంత్రం ఇంజన్ చల్లారాక అతను ప్లగ్ విప్పాడు. భార్య ఛాయ్ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. ప్లగ్ మొనను గ్లాసు పక్కన పెట్టి చూశాడు. ఐదో తరగతి చదివే కూతురు వచ్చి "ఏం జూస్తున్నవ్ నాయినా?" అంది.

"రంగు కలిసిందా లేదా అని" అన్నాడు.

పాప వంగి రెండింటినీ మార్చి మార్చి చూసింది. "కలిసింది" అంది.